ఒళ్ళు చూసే వేళ

వాన కాలం, 9వ రోజు

లోవ: రెండు. అత్త: ఒకటి. నేను: లేవు. మూడు పిడుదుల్నీ ప్రాణాలతో సీసాలో వేశాం.

ఒళ్ళు చూసి లెక్క రాసే పాత పుస్తకం తడిసి ముద్దయిపోయిందని ఆస్పత్రి వాళ్ళు కొత్తది ఇచ్చారు. మొదటి పేజీలో ఇంటి వివరాలు రాయమన్నారు. ఏడో వరస, మూడో ఇల్లు. చూసి రాసే మనిషి అచ్చియ్యమ్మ, అంటే నేను. అత్త నాగాయమ్మ. కూతురు లోవ, ఏడేళ్ళు. ఇంటాయన పేరు దేముడు. కింద మునిగిన ఊళ్ళలో రాగితీగ ఏరుకురావడానికి వెళ్ళాడు. వానలు ఆగి దారి ఆరితే గాని రాడు. "ఇతర విషయాలు" అని కింద నాలుగు గీతలు వదిలారు. నాలుగు గీతలు నాకు ఏ మూలకి? పేజీ అంతా రాస్తాను. చదివేవాళ్ళు చదువుతారు, ఓపిక లేనివాళ్ళు మానేస్తారు.

సాయంత్రం ఒళ్ళు గంట కొట్టగానే వరసలో ప్రతి ఇంటి వాకిట్లోనూ పీట పడుతుంది. వెలుతురు ఉండగానే చూడాలి. మా ఇంట్లో అత్త లోవని చూస్తుంది, నేను అత్తని చూస్తాను, అత్త నన్ను చూస్తుంది. తల, చెవుల వెనక, చంకలు, బొడ్డు, తొడల మధ్య, మోకాళ్ళ వెనక, ఆఖరికి వీపు. మనిషి తన వీపు తను చూసుకోలేడు గనకే ఈ మెరక మీద ఎవరినీ ఒంటరిగా కాపురం ఉండనివ్వరు. మొగుడు పోయినా పెళ్ళాం పోయినా మర్నాడే ఇంకో ఇంట్లో కలపాల్సిందే.

ఒంటికి కరుచుకుని రక్తం తాగే పిడుదుని పీకడానికి నాకు పట్టకారు కావాలి. అత్తకి అక్కర్లేదు. బొటనవేలూ చూపుడువేలూ చాలు, తల తెగకుండా వచ్చేస్తుంది. ఒకప్పుడు ఆవిడకి ఆరు గేదెలు ఉండేవి. ఈ రోజు కూడా సీసా మూత బిగిస్తూ సణిగింది.

"మా గంగి సెవిలో ఒక్కోపాలి ఇరవై ఉండేవి. పీకి పొయ్యిలో ఇసిరేస్తే టప్ మనేది. ఎవడికైనా జొరమొచ్చిందా? సీసాలంట, మూతలంట. పిడుదుకి కాపురం పెడతన్నారు."

"అప్పటి పిడుదు వేరు, ఇప్పటి పిడుదు వేరు అత్తా."

"నాకు తెలీదేటి?"

తెలుసు. అందరికంటే ఆవిడకే బాగా తెలుసు. గొడ్ల రక్తంలోకి మందు ఎక్కించింది ఆవిడ కళ్ళ ముందే. కరిచిన పిడుదు అక్కడికక్కడే చావాలని ఎక్కించారు. నాలుగేళ్ళు చచ్చాయి. అయిదో ఏడు చావడం మానేసి ఆ మందునే కడుపులో దాచుకోవడం నేర్చాయి. ముందు గొడ్లు పోయాయి. తర్వాత అవి మన మీద పడ్డాయి. గంగి కాళ్ళు చచ్చుబడి, ఊపిరాడక మూడు రోజులు కొట్టుకుని పోయిందట. ఆ మాట చెప్పినప్పుడు మాత్రం అత్త సణగదు.

వాన కాలం, 10వ రోజు

లోవ: లేవు. అత్త: లేవు. నేను: ఒకటి, మోకాలి వెనక. సీసాలో వేశాం.

పొద్దున్న పాల తొట్టికి గడ్డి వెయ్యడం మా వంతు. గొడ్లు పోయాక గడ్డి నుంచి పాలు తీసేది ఆ తొట్టే. తడి గడ్డి వేస్తే తొట్టి పులిసిపోతుంది, ఎండ లేదు, గడ్డి ఎక్కడ ఆరబెట్టాలో చెప్పే నాథుడు లేడు. వాన రోజూ బూడిద గీతని కడిగేస్తోంది. ఊరి చుట్టూ గడ్డి కాల్చి బూడిద పోసిన ఆ గీతే లేకపోతే పిడుదులు మంచాల దాకా వస్తాయి. గీత దాటి ఎవరూ అవతలికి వెళ్ళకూడదు. ఒంటికి తొడుక్కునే తొడుగులు రెండే ఉన్నాయి, రెండూ రాగితీగకి వెళ్ళినవాళ్ళు పట్టుకుపోయారు.

నాలుగో వరసలో ఒక ఇంటి నుంచి ఇద్దరు పిల్లల్ని ఆస్పత్రి వాళ్ళు తీసుకెళ్ళి పిల్లల కొట్టంలో పెట్టారు. ఆ తల్లి చూడకుండానే పుస్తకంలో "లేవు" అని రాసిందట. విరుగుడు ఎంత ఎక్కించాలో ఈ పుస్తకం చూసే లెక్క కడతారు, అందుకే అబద్ధం రాసిన ఇంట్లో పిల్లల్ని ఉంచరు. బాగా చేశారు అనుకున్నాను. అత్తతో అన్నాను కూడా. "బద్ధకం మనుషులకి పిల్లలెందుకు?" అని. ఆ మాట ఇక్కడ రాసే పెడుతున్నాను.

వాన కాలం, 11వ రోజు

లోవ: ఒకటి, ఎడమ చెవి వెనక. సీసాలో లేదు.



సాయంత్రం లోవ ఇంటికి వచ్చేసరికి నాలుక నీలంగా ఉంది. నేరేడు పళ్ళు తింది. గీతకి ఇవతల నేరేడు చెట్టు లేదు.

"ఎక్కడ తిన్నావే?" అన్నాను.

"తినలేదు."

"నాలుక చూపించు."

చూపించి ఏడుపు మొదలెట్టింది. బూడిద కొట్టుకుపోయిన చోట దాటిందట, చెట్టు కింద గడ్డిలో కూర్చుని తిందట. నేను చెయ్యి ఎత్తాను. అత్త అడ్డం వచ్చి, "కొట్టడానికి తరవాతైనా టైముంది, ముందు ఒళ్ళు సూడనీ" అని పిల్లని పీట మీద కూర్చోబెట్టింది. చెవి వెనక జుట్టు పాయ తీసింది. దొరికింది. రెండు వేళ్ళతో పట్టుకుంది, లాగింది, ఒక్క విసురు విసిరింది.

పొయ్యి పక్కనే ఉంది. టప్ మంది.

నా చేతిలో మూత తీసిన సీసా అలాగే ఉంది. అత్త తన చేతిని తనే చూసుకుంటోంది. పంతొమ్మిదేళ్ళుగా సీసాలో వేస్తున్న మనిషి. పిల్ల ఏడుస్తోంది, నేను అరుస్తున్నాను, ఆ చెయ్యి మాత్రం వెనకటి రోజుల్లోకి పోయింది.

"ఏం చేశావ్ అత్తా! ఏం చేశావ్!"

"అలవాటున పోయిందే అచ్చీ. సెయ్యి దానంతటది పోయింది."

పిల్లని ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాను. అక్కడ విరుగుడు పెట్టె నడిపేది షరీఫా. నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. చెవి వెనక చూసింది, ఖాళీ సీసా చూసింది.

"పిడుదు లేకుండా పెట్టె ఏమీ చెయ్యలేదక్కా. ఒక తల్లి పిడుదు ఈనిన పిల్లలన్నిటిదీ ఒకటే విషం, ఇంకో కాన్పుది వేరు. కరిచిన దాన్నో, దాని కాన్పులో ఇంకోదాన్నో ప్రాణంతో వేస్తేనే విరుగుడు వస్తుంది. అన్నిటికీ విషం ఉండదు. మూడు రోజులు చూద్దాం. కాళ్ళు బాగుంటే బతికిపోయినట్టే."

అత్త వీపు చూశాను, ఏమీ లేవు. ఆవిడ నా వీపు చూసింది, లేవు.

వాన కాలం, 13వ రోజు

అందరికీ లేవు.

లోవని పొద్దున్నా మధ్యాహ్నం సాయంత్రం వాకిట్లో నడిపించాను. బాగానే నడిచింది. "ఇంకెన్నిసార్లే అమ్మా, నేనేమన్నా గేదెనా?" అంది. అత్త నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

వాన కాలం, 14వ రోజు

లోవ: లేవు. అత్త: లేవు. నేను: లేవు.

పొద్దున్న లోవ వాకిలి దాటి నాలుగడుగులు వేసింది. ఎడమ చెప్పు వెనకే ఉండిపోయింది. అది చూసుకోలేదు, నడుస్తూనే ఉంది.

"లోవా, నీ చెప్పేదే?"

కిందికి చూసింది. "వేసుకున్నాను కదమ్మా" అంది.

కాలు గిల్లాను. ఇంకా గట్టిగా గిల్లాను. నా మొహం చూసి భయపడింది గాని నొప్పి అని అనలేదు.

షరీఫా మోకాళ్ళ కింద చిన్న సుత్తితో కొట్టి చూసింది. కాళ్ళు కదల్లేదు. కాళ్ళ నుంచి నడుముకి, నడుము నుంచి రొమ్ముకి ఎక్కుతుందని చెప్పింది. రొమ్ముకి రావడానికి రెండు రోజులు. రేపు సాయంత్రంలోగా అదే కాన్పు పిడుదు ఒకటి ప్రాణంతో కావాలి. నేను వెళ్తానన్నాను. షరీఫా వద్దంది.

"తొడుగు లేకుండా వెళ్తే మీకూ కరుస్తాయి. అప్పుడు పిల్లని ఎవరు చూస్తారు? ఆగండి. పెద్దల్ని అడుగుతాను, ఎవరినైనా పంపిస్తారేమో."

ఇంటికి వచ్చేసరికి అత్త గుమ్మంలో ఉంది. "ఏమన్నాది?" అని అడిగింది. నేనన్న మాట మాటగా రాస్తున్నాను.

"పొయ్యిలో వేసింది నువ్వు. నువ్వే పోయి తెచ్చియ్యి. గడ్డి అక్కడే ఉంది. పో."

కోపం అంతా ఇంతా కాదు. ఆవిడ లోపలికి వెళ్ళింది. లోవ కాళ్ళకి ఆముదం రాస్తూ కూర్చుంది. ఆముదం రాస్తే ఏమొస్తుంది?

వాన కాలం, 15వ రోజు

లోవ: లేవు. నేను: లేవు. అత్త: లేవు.

తెల్లారి లోవని ఎత్తుకుని ఆస్పత్రికి వెళ్ళాను. నడుము నిలవడం లేదు, నా భుజం మీద వాలిపోయింది. పెద్దలు ఎవరినీ పంపలేదు. వానలో, తొడుగు లేకుండా, ఏ తల్లి బిడ్డని పంపుతారు? వాళ్ళని తిట్టడానికి నోరు రాలేదు.

మధ్యాహ్నం అత్త వచ్చింది. పొద్దున్నంతా ఏ ఇంట్లోనూ కనిపించలేదట. ఒళ్ళంతా తడిసింది, ఒక చేతిలో దుప్పటి, రెండో చేతిలో సీసా. సీసాలో నాలుగు పిడుదులు పాకుతున్నాయి.

"నేరేడు సెట్టు కింద దుప్పటి ఈడిసేను. దానికి అంటుకున్నాయి. నాకేటీ అంటలేదు. సూడు తల్లీ, ఇయ్యి పనికొత్తాయేమో" అని షరీఫాకి ఇచ్చింది.

లోవ రక్తంతో పోల్చి చూస్తే నాలుగిట్లో రెండు అదే కాన్పు. పెట్టె సాయంత్రం దాకా గుర్రుమంటూ నడిచింది. లోవ ఊపిరి తీసుకోవడానికి నోరు తెరుస్తున్న సమయానికి విరుగుడు దిగింది. ఎక్కించిన కాసేపటికి కుడిచేతి వేళ్ళు నా కొంగు పట్టుకున్నాయి. ఏడ్చాను. ఎవరు చూస్తే ఏం?

పంపించే ముందు షరీఫా నన్ను పక్కకి పిలిచింది. "ఇంటికెళ్ళగానే పెద్దావిడ ఒళ్ళు చూడండక్కా. ఒకటికి రెండుసార్లు చూడండి. దుప్పటికి అంటినవి మనిషికి అంటకుండా ఉంటాయా?" అంది. తల ఊపాను.

ఇంటికి వచ్చేసరికి వరసంతా మా వాకిట్లోనే ఉంది. మధ్యలో అత్త. చీర కూడా మార్చుకోలేదు. "నా కోడలు పొమ్మంది, పోయేను" అని చెబుతోంది వాళ్ళకి. పది మందీ నా మొహం చూశారు. ఆవిడ గొప్పకి అన్నదో, ఉన్నమాట అన్నదో నాకు ఇప్పటికీ తెలీదు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

గంట కొట్టారు. అత్త పీట వేసుకుని, రవిక విప్పి, వీపు వాకిలి వైపు పెట్టి కూర్చుంది. నేను లోవకి జావ పడుతున్నాను. ఆవిడ చాలాసేపు కూర్చుంది. తర్వాత పైట కప్పుకుని లేచింది. పుస్తకం మూసే ముందు అత్త పేరు పక్కన "లేవు" అని రాశాను.

వాన కాలం, 16వ రోజు

లోవ: లేవు. నేను: లేవు. అత్త: లేవు.

లోవ కూర్చుంటోంది. కుడికాలు కదిపింది. ఎడమకాలు ఇంకా రాలేదు. "మామ్మ దగ్గర పడుకుంటా" అని ఒకటే గోల. పడుకోబెట్టాను. కథలు చెప్పించుకుంటోంది, గంగి కథ, గంగి దూడ కథ. పిల్లని ఈ స్థితికి తెచ్చిందీ ఆవిడే, తెచ్చిన మందుకి పూజలందుకుంటున్నదీ ఆవిడే. మధ్యలో నేనెవరిని?

సాయంత్రం మళ్ళీ పీట మీద కూర్చుంది. చేతిలో పని ఉందని లోపలే ఉండిపోయాను. నా వీపు లోవ చేత చూపించుకున్నాను.

వాన కాలం, 17వ రోజు

అందరికీ లేవు.

గడ్డి ఆరలేదు, పాల తొట్టి పులిసింది. గిన్నెడు పాలు పారబోశాను.

గంట కొట్టాక అత్త పీట మీద నుంచే పిలిచింది. "అచ్చీ, ఓపాలి సూడవే. ఈపంతా దురదగా ఉంది."

"దురదుంటే గోక్కో" అన్నాను. "నీకేమీ అంటలేదన్నావుగా, పది మందిలో చెప్పుకున్నావుగా."

ఆవిడ చెయ్యి వెనక్కి పెట్టి అందుకోబోయింది. అందలేదు. రవిక వేసుకుంది.

వాన కాలం, 18వ రోజు

అందరికీ లేవు.

లోవ గోడ పట్టుకుని నిలబడింది! ఎడమకాలు ఈడుస్తోంది గాని నిలబడింది. వరసలో అందరికీ చెప్పాను. ఇంటాయన వచ్చేసరికి పరుగెత్తేలా చెయ్యాలి. ఏం జరిగిందో తర్వాత నెమ్మదిగా చెప్పుకోవచ్చు.

మధ్యాహ్నం అత్త చేతిలోంచి మంచినీళ్ళ గ్లాసు జారి పడింది. "కాస్త చూసుకుని పట్టుకో" అని కసిరాను. కిందపడ్డ గ్లాసు వైపు వంగి మళ్ళీ లేవడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. వయసు అనుకున్నాను. ఈ రోజు సాయంత్రం ఆవిడ పీట వేసుకోలేదు.

వాన కాలం, 19వ రోజు

అత్త: ఆరు. వీపు మీద, రెక్కల మధ్య.

పొద్దున్న లోవ పిలిచింది. "అమ్మా, మామ్మ చెప్పు పోయిందంటోంది. కాళ్ళకే ఉందిగా." పళ్ళెం తీసుకుని వస్తున్నదాన్ని గుమ్మంలోనే ఆగిపోయాను. చెప్పులు రెండూ కాళ్ళకే ఉన్నాయి. ఆవిడకి తెలియడం లేదు.

బోర్లా తిప్పి రవిక విప్పాను. రెండు రెక్కల మధ్య, ఎంత వంచినా ఏ చెయ్యీ అందని చోట, ఆరు. ఒక్కోటీ ఆముదపు గింజంత ఉబ్బి ఉంది. చుట్టూ చర్మం ఎర్రగా గీరుకుపోయింది. గోడకి రాసుకున్నట్టుంది. ఆ వీపు నాలుగు రోజులు నా ముందే ఉంది.

"ఎందుకు గట్టిగా చెప్పలేదు అత్తా?" అన్నాను.

"సెప్పేనుగదే" అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

ఆరూ పీకి సీసాలో వేశాను. నలుగురు మంచంతో సహా మోసుకొచ్చారు. షరీఫా పెట్టెలో వేసి చూసి గట్టిగా ఊపిరి వదిలింది. "ఆరూ లోవని కరిచిన కాన్పువే. విరుగుడు వస్తుంది, భయం లేదు." తర్వాత షరీఫా నా చేతిలో పుస్తకం తీసుకుంది. పేజీ తిప్పింది. సీసా వెలుతురికి ఎత్తి చూసింది.

"నిన్న సాయంత్రం లేవని ఉంది. ఇవి బాగా ఉబ్బాయక్కా. నిన్న నిజంగా చూశారా?"

మంచం మోసిన నలుగురూ నా పక్కనే ఉన్నారు. లోవ నా కొంగు పట్టుకుని ఎడమకాలు మీద బరువు వెయ్యకుండా నిలబడి ఉంది. నాలుగో వరస తల్లి గుర్తొచ్చింది. ఇప్పుడే నిలబడ్డ పిల్లని కొట్టంలో పెట్టేస్తే? మామ్మా అని రాగం తీస్తే ఎవరు చూస్తారు?

"చూశాను" అన్నాను.

"పొద్దున్నకే కాళ్ళు పోయాయంటే..."

"ఆరు కదమ్మా. పెద్ద ప్రాణం."

అత్త మంచం మీద నుంచి నన్నే చూస్తోంది. నోరు పనిచేస్తూనే ఉంది అప్పటికి. ఒక్క మాట చాలు. ఆవిడ లోవ వైపు చూసింది, కళ్ళు మూసుకుంది.

ఎక్కువ ఎక్కిస్తే గుండె ఆగుతుంది, తక్కువ ఎక్కిస్తే ఊపిరి ఆగుతుంది. ఒకసారి ఎక్కించాక మర్నాడు అదే వేళ దాకా మళ్ళీ ఎక్కించకూడదు. షరీఫా పుస్తకాన్ని నమ్మింది. ఒక్క రోజు విషానికి సరిపడా ఎక్కించింది.

గంట గడిచింది. అత్త చేతులు కూడా పోయాయి. అప్పుడు వెళ్ళి షరీఫా కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాను. నాలుగు రోజులు చూడలేదని. ఆమె నన్ను తిట్టలేదు. గోడకి ఆనుకుని, "ఒక్క గంట ముందు చెప్పినా సరిపోయేదక్కా" అంది.

వాన కాలం, 20వ రోజు

నాగాయమ్మ తెల్లారాక పోయింది. నోట మాట పోయాక కూడా లోవ చేతిని చూస్తూనే ఉంది. సాయంత్రం దాకా ఆగితే రెండోసారి ఎక్కించేవాళ్ళు. ఆగలేకపోయింది. గంగికి పట్టినంత సేపు కూడా పట్టలేదు.

ఆవిడ ఒక్క తప్పు చేసింది, అదీ చెయ్యి చేసింది. నేను నాలుగు రోజులు బుర్ర పెట్టి చేశాను.

ఇంటాయనకి ఏం చెప్పాలో నాకు తెలీదు. ఆయనకి వాళ్ళమ్మ వంట తప్ప నా వంట నచ్చేది కాదు. ఆ సంగతికి కూడా నాకు కోపమే.

వాన కాలం, 21వ రోజు

వెనకటి పేజీల్లో అబద్ధం ఉంది. దిద్దుతున్నాను.

15వ రోజు, అత్త: చూడలేదు.
16వ రోజు, అత్త: చూడలేదు.
17వ రోజు, అత్త: అడిగింది. చూడలేదు.
18వ రోజు, అత్త: చూడలేదు.

షరీఫా నేను చెప్పింది ఎవరికీ చెప్పలేదు. పేజీలు చింపేస్తే ఇంకెవరికీ తెలియదు. కానీ విరుగుడు లెక్క తప్పింది షరీఫాయేనని వరసలో అనుకుంటున్నారు. మంచం మోసిన నలుగురిలో ఒకడు ఆమె మొహం మీదే అన్నాడు. ఆమె ఊరుకుంది, నా కోసం కాదు, లోవ కోసం. ఇంకొకరు నా తప్పు మొయ్యడం చూడలేను. పుస్తకం పట్టుకెళ్ళి పెద్దల ముందు పెట్టాను. చదివించుకున్నారు.

వాన కాలం, 22వ రోజు

లోవని తీసుకెళ్ళారు. తండ్రి వచ్చేదాకా పిల్లల కొట్టంలో ఉంటుంది. నడిచే వెళ్ళింది, ఎడమకాలు ఈడ్చుకుంటూ. చెప్పు జారినప్పుడల్లా ఆగి, కిందికి చూసి, వేలితో సర్దుకుంది. అంటే కాలు తెలుస్తోందన్నమాట. ఏడవలేదు. గేటు దగ్గర వెనక్కి తిరిగి, "నీ వీపు ఎవరు చూస్తారమ్మా?" అని అడిగింది.

"ఎవరో ఒకరు చూస్తారులే" అన్నాను.

ఇంట్లో నేనొక్కదాన్నే. రూలు ప్రకారం రేపటిలోగా నన్ను ఇంకో ఇంట్లో కలపాలి. ఆరో ఇంటివాళ్ళు గది లేదన్నారు. తొమ్మిదో ఇంటావిడ, రేపు గంటకి వచ్చి వీపు చూస్తానని తలుపు వెనక నుంచే అంది.

వాన కాలం, 23వ రోజు

లోవ: ఈ ఇంట్లో లేదు. నేను: తెలియదు.

గంట కొట్టి చాలాసేపయింది. ముందు భాగమంతా నేనే చూసుకున్నాను, ఏమీ లేవు. మధ్యాహ్నం నుంచి వీపు మీద ఎడమ పక్కన దురదగా ఉంది. గడ్డి వల్ల కావచ్చు, ఊరికేనూ కావచ్చు. చెయ్యి వెనక్కి పెట్టి చూశాను. అందలేదు.

పీట వేసుకుని, రవిక విప్పి, వీపు వాకిలి వైపు పెట్టి కూర్చున్నాను. ఒళ్ళోనే పుస్తకం పెట్టుకుని రాస్తున్నాను. వరసలో జనం తిరుగుతున్న అడుగుల చప్పుడు వినిపిస్తోంది. తొమ్మిదో ఇంటావిడ వస్తానంది. పిలవాలని నోటిదాకా వస్తోంది, పిలవలేకపోతున్నాను. అత్త ఎలా పిలవగలిగిందో.

ఇంకా వెలుతురు ఉంది. కాసేపు కూర్చుంటాను.